దిన్నె, అగడ్త, రాతిబండ: కోట ఎందుకు కట్టేవారు?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. మాపటేళ తీరిగ్గా చదవండి. మేము చదివింది అరవ బడిలో. తెలుగు రాత ఇంట్లో అమ్మ దగ్గర, తర్వాత స్టేషను బోర్డుల మీద నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి, కోపగించుకోకండి.

పోయిన నెల మా మేనల్లుడు ఇంగ్లండు నుంచి ఒక ఫోటో పంపాడు. పచ్చగడ్డి కప్పిన మట్టి దిబ్బ. దాని చుట్టూ గిరిగీసినట్టు ఒక పల్లం. నాలుగు గొర్రెలు మేస్తున్నాయి. గేటు పక్కన ఒక బోర్డు. "మామయ్యా, ఇది నార్మన్ల కోట. తొమ్మిది వందల ఏళ్ల నాటిది. చట్టం ప్రకారం ఇక్కడ గునపం వెయ్యకూడదు" అని కింద రాశాడు. మేము, మా ఇంటావిడ కళ్లద్దాలు పెట్టుకుని మరీ వెతికాం. గోడ లేదు, బురుజు లేదు, దర్వాజా లేదు. "కోట ఏదండీ? ఇది దిన్నె కదా!" అంది ఆవిడ.

యాపలదిన్నిలో కాపురముండి దిన్నెను దిన్నె అనక ఏమంటాం? మన ఊరి పేరులోనే యాప చెట్లూ ఉన్నాయి, దిన్నే ఉంది. కన్నడంలోనూ దిన్నె అంటే ఎత్తు నేలే. మేం పుట్టి పెరిగిన అరక్కోణం వైపు ఇంటి ముందు అరుగును తిణ్ణై అంటారు. మూడూ ఒకింటి మాటల్లాగే వినిపిస్తాయి మా చెవికి. సరే, ఆ దిబ్బను కోట అని ఎందుకంటున్నారో తెలుసుకుందామని కూర్చున్నాం. అది చివరికి మమ్మల్ని రాయచూరు కోట గోడ దాకా, అక్కణ్ణుంచి మేం చేసిన ఒక తప్పు దాకా తీసుకెళ్లింది. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తాం.

ముందు నార్మన్ల కథ. ఫ్రాన్సు ఉత్తర తీరంలో నార్మండీ అనే సీమ ఉంది. దాని దొర విలియం 1066లో సముద్రం దాటి ఇంగ్లండు మీదికి వచ్చాడు. హేస్టింగ్స్ దగ్గర అక్టోబరు 14న యుద్ధం జరిగింది, ఇంగ్లండు రాజు హెరాల్డ్ చచ్చిపోయాడు. ఒక్క రోజులో యుద్ధం గెలిచాడు సరే, దేశం చేతికి రావాలి కదా. వచ్చిన నార్మన్లు కొద్ది వేల మంది. చుట్టూ ఉన్నది లక్షల జనం, భాష వేరు, కడుపులో కోపం. రాతికోట కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అంత టైము ఎవరిస్తారు?

అందుకని వాళ్లు మట్టిని నమ్ముకున్నారు. గుండ్రంగా ఒక కందకం తవ్వుతారు. తవ్విన మట్టిని లోపలికే పోసి, పొర మీద పొర తొక్కించి, గుట్టలా లేపుతారు. గుట్ట నెత్తి మీద కొయ్యతో ఒక మంచె లాంటి బురుజు. గుట్ట పాదాన ఇంకో ఆవరణ, దానికీ కందకం, కట్ట, కొయ్య దడి. గుర్రాల శాల, వంటిల్లు, ధాన్యపు కొట్టు, సైనికుల గుడిసెలు అన్నీ ఆ కింది ఆవరణలో. కింద పడగొట్టినా దొర పైకెక్కి ఇంకొన్నాళ్లు నిలబడొచ్చు. ఇదంతా కట్టడానికి శిల్పులు అక్కర్లేదు. పారలు, తట్టలు, కొట్టి పని చేయించుకోవడానికి ఊరి జనం ఉంటే చాలు. ఆ యుద్ధ కథను బొమ్మలుగా కుట్టిన దాదాపు 70 మీటర్ల పొడుగు గుడ్డ ఒకటి ఫ్రాన్సులో బాయూ అనే ఊరి పేరుతో ఉంది. అందులో హేస్టింగ్స్ దగ్గర మనుషులు పారలతో మట్టి పోస్తున్న బొమ్మ కూడా కుట్టారు. కోట కట్టడం అంటే మట్టి మోయడమే అని ఆ కుట్టినవాళ్లకు బాగా తెలుసు.

ఆ గుట్టను ఫ్రెంచి వాళ్లు మోట్ అన్నారు. అదే మాట ఇంగ్లీషులోకి వెళ్లి కందకం అయి కూర్చుంది. గుట్టకూ గుంతకూ ఒకటే పేరు! మొదట మాకు నవ్వొచ్చింది, తర్వాత న్యాయమే అనిపించింది. గుంత తవ్వితేనే గుట్ట లేస్తుంది. పని ఒకటే, కూలీ ఒకటే. మన మాట చూడండి: అగడ్త. అరవంలో అగళి. అగళ్ అంటే తవ్వు అని మా తమిళ వాత్యారు చెప్పారు. తవ్వింది కాబట్టి అగడ్త. మాటలోనే పార చప్పుడు వినిపిస్తుంది.

ఆ కోటల పని ఏమిటి? బడి పుస్తకంలో శత్రువుల నుంచి రక్షణ అని ఒక్క లైనులో రాసేస్తారు. ఎవరి నుంచి ఎవరికి రక్షణ? విలియం కట్టించిన కోటలు చాలావరకు పట్టణాల నడుమ, రేవుల దగ్గర, రోడ్లు కలిసే చోట ఉన్నాయి. యార్క్ పట్టణంలో జనం తిరగబడితే 1068, 1069లలో ఒకటికి రెండు కట్టాడు. 1086లో ఆయన దేశమంతా ఆస్తుల లెక్క రాయించాడు, డూమ్స్‌డే అంటారు. మేం గుమాస్తాలం కదా, ఆ చిట్టా అంటే మాకు గౌరవం. అందులో లింకన్ పట్టణం పద్దులో కోట కోసం 166 ఇళ్లు పోయాయని రాసి ఉంది. ఊరి మీద కోట కూర్చుందన్న మాట. అది ఊరిని కాచేది, ఊరిని కనిపెట్టేది, పన్ను గుంజేది, తగువు తీర్చేది, తిరగబడితే కాళ్లు విరగ్గొట్టేది. పోలీసు స్టేషను, తాసీల్దారు ఆఫీసు, ఖజానా, దొర ఇల్లు, నాలుగూ ఒకే దిబ్బ మీద.

తర్వాత రోజుల్లో కొన్ని గుట్టల మీద కొయ్య తీసేసి రాయి కట్టారు. చాలావాటికి ఆ అవసరం రాలేదు. కొయ్య కుళ్లిపోయింది, మట్టి మిగిలింది. మా మేనల్లుడు పంపిన ఫోటో అలాంటి దానిది.

ఇక మన వైపు రండి. మట్టికోట అంటే మనకు చిన్నచూపు. కోట అంటే గోల్కొండలా రాయి ఉండాలి అంటాం. కానీ ఓరుగల్లును ఒకసారి తలుచుకోండి. లోపల రాతిగోడ, గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పెంచి పూర్తి చేయించింది. ఆ రాతికోట అడ్డకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి బయట, ఇంచుమించు రెండింతల అడ్డకొలతతో, గుండ్రంగా మట్టికోట. దానికి బయట అగడ్త. ఇప్పటికీ వరంగల్లులో ఆ మట్టికట్ట మీద చెట్లు మొలిచి, చూసేవాళ్లకు చెరువుకట్టలా కనబడుతుంది. మన కాకతీయులు చెరువులు కట్టినవాళ్లు. వాళ్ల దగ్గర మట్టి తొక్కించడం తెలిసిన ఒడ్డెవాళ్లు, కూలీలు ఉన్నారు. చెరువుకు కట్ట వేసిన చెయ్యే కోటకూ కట్ట వేసింది.

1310లో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. ఆ ముచ్చట ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. మట్టిగోడే కానీ ఉక్కు ఈటె దిగలేదని, యంత్రాలతో విసిరిన రాళ్లు తగిలి పిల్లలు ఆడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడ్డాయని ఆయనే ఒప్పుకున్నాడు. శత్రువు నోటి నుంచి వచ్చిన మెప్పు కంటే పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుంది? రాయి గట్టిదే, కానీ దెబ్బకు పగులుతుంది. మట్టి దెబ్బను మింగేస్తుంది.

ఇంకో మట్టికోట మా బడిలోనే విన్నాం. పాంచాలంకురిచ్చి, కట్టబొమ్మన కోట. అరవ మీడియంలో చదివిన ప్రతి పిల్లవాడూ ఆయన్ను తలుచుకునే పెద్దవాడవుతాడు. శివాజీ సినిమా కూడా 1959లో వచ్చింది. ఆయన ఇంటి భాష తెలుగు అని బడిలో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో మా తాత చెప్పాడు. 1799లో కంపెనీ వాళ్లు ఆయన్ను కయత్తారులో ఉరితీసి, కోటను పడగొట్టారు. 1801లో తమ్ముడు ఊమైదురై జైలు నుంచి తప్పించుకుని వచ్చేసరికి జనం అదే చోట మళ్లీ మట్టిగోడ లేపేశారు. తెల్లదొరలు విస్తుపోయారు. మొదటి దాడి తిప్పికొట్టబడింది. పెద్ద సైన్యం తెచ్చుకుని మే నెలలో పట్టుకున్నాక నేలమట్టం చేశారు. మట్టికోట గుణం ఇది: పడగొట్టడం సులువు కాదు, పడితే లేపడం కష్టం కాదు. లేపే జనం మిగిలి ఉండాలి, అంతే.

నార్మన్ల దిబ్బ, ఓరుగల్లు కట్ట, పాంచాలంకురిచ్చి గోడ, మూడూ మట్టే. కానీ మొదటిది బయటి నుంచి వచ్చినవాడు జనం నెత్తిన కట్టింది. చివరిది జనమే తమ దొర కోసం కట్టుకున్నది. కోటను చూసి పొంగిపోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే అని మాకు అప్పుడు తట్టింది. ఆ ప్రశ్న జేబులో పెట్టుకుని రాయచూరు బస్సెక్కాం.

రాయచూరు కోట మనలో చూడనివాళ్లు లేరు. కానీ చూసినవాళ్లూ తక్కువే. బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరమే, పెళ్లి బట్టలకు పోతూ వస్తూ గోడ పక్కనే నడుస్తాం. లోపలి గోడ చూడండి. పెద్ద పెద్ద రాళ్లను చెక్కి, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ గోడ పడమటి వైపు ఒక బండ ఉంది. పొడవు 41 అడుగుల పైమాట, వెడల్పు 3 అడుగులు. మేం గూడ్సు షెడ్డులో చేసిన మనుషులం, కంటితో కొలవడం అలవాటు: పాతకాలం నాలుగు చక్రాల వ్యాగన్లు రెండు వరుసగా నిలబెడితే ఇంచుమించు ఆ పొడవు. దాని మీద తెలుగు శాసనం. శక సంవత్సరం 1216, అంటే 1294.

ఆ ఏడు ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు రాజు. రుద్రమదేవి పోయి అయిదేళ్లు. కాకతీయులకు పడమట దేవగిరి యాదవులతో ఈ సీమ కోసం పోరు నడుస్తోంది. శాసనం చెప్పే సంగతి ఇది: గోన గన్నారెడ్డి గారి తరఫున విఠలనాథుడు ఆదవాని, తుంబుళం, మానువ, హాలువ కోటలు పట్టుకుని, రాయచూరు పట్టణంలో ప్రవేశించి, ఈ గట్టి కోట కట్టించాడు. పాత గెజెటీర్లలో ఆ రెడ్డిగారి పేరు గోరె గంగయ్య అని అచ్చయింది, అందుకే చాలామందికి ఈయన ఆయనే అని తెలియదు. అడవి బాపిరాజు గారు నవల రాశారే, 2015లో రుద్రమదేవి సినిమాలో అల్లు అర్జున్ వేశాడే, ఆ గోన గన్నారెడ్డే. నాగర్‌కర్నూలు దగ్గరి వర్ధమానపురం వాళ్ల సీమ.

ఆదవాని అంటే ఆదోని. మానువ అంటే మాన్వి. మాకు ఈ పేర్లు చదవగానే మ్యాపు అక్కర్లేకుండా పోయింది. గుంతకల్లు నుంచి వచ్చే పాసింజరు దారే ఇది! ఆదోని దాటి, మంత్రాలయం రోడ్ దాటి, తుంగభద్ర వంతెన మీద గడగడమని వచ్చి, మట్మారి మీదుగా రాయచూరు. ఆదోని నుంచి సుమారు 70 కిలోమీటర్లు. విఠలనాథుడు వచ్చిన దారి, ఆరు వందల ఏళ్ల తర్వాత రైలు వచ్చిన దారి దగ్గర దగ్గరగా నడిచాయి. నది దాటడానికి అనువైన చోట ఎవరికైనా అదే చోటు. బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ లైనూ, మద్రాసు నుంచి వచ్చిన కంపెనీ లైనూ 1871లో కలుసుకున్నదీ రాయచూరులోనే. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ నల్లరేగడి, పక్కన హట్టి బంగారం. ఈ నడిమి సీమను ఎవరు పట్టుకుంటే వాళ్లకు రెండు నదుల రేవులూ చేతిలో ఉంటాయి. కోట అక్కడ కట్టడానికి కారణం అదీ.

ఇప్పుడు చెప్పండి, విలియం చేసిన పనికీ విఠలనాథుడు చేసిన పనికీ తేడా ఎంత? కొత్తగా గెలిచిన నేల. అప్పటికే ఉన్న పట్టణం. దాని మీద కోట. ఒకరికి మట్టి, ఒకరికి రాయి, అంతే. ఇది రాయడానికి మాకే కొంచెం ఇబ్బందిగా ఉంది. మన సంఘం మీటింగులో ఆ శాసనం ఫోటో పెద్దది చేయించి, "తెలుగువారి కోట" అని బ్యానరు కట్టాలని మొదట చెయ్యెత్తింది మేమే. ఇప్పుడు ఆ బ్యానరు మాట మీద రెండో ఆలోచన వచ్చింది.

ఎందుకో చెబుతాం. ఆ రోజు బండ దగ్గరికి మాతో ఒక కన్నడ మాస్టారు వచ్చారు, రిటైరైన వారు, మాకు చాన్నాళ్ల స్నేహితులు. మేం అక్షరాలు కూడబలుక్కుంటున్నాం. ఒక అక్షరం మాకు అంతుపట్టలేదు. మాస్టారు వేలు పెట్టి చూపించి, "ఇది మా వైపు ఇట్లా రాస్తారు నోడ్రి" అని చదివేశారు. ఇంకోటి ఆయనకు రాలేదు, మాకు వచ్చింది. ఆ కాలానికి తెలుగు లిపీ కన్నడ లిపీ పూర్తిగా విడిపోలేదు, అన్నదమ్ములు వేరు కాపురం పెట్టబోయే ముందు ఒకే వాకిట్లో ఉన్నట్టు ఉన్నాయి. ఇద్దరం కలిస్తేనే లైను ముందుకు పోయింది. అరవ బడిలో చదివిన తెలుగువాడూ, కన్నడ మాస్టారూ కలిసి కాకతీయుల బండ చదువుతుంటే, కోట లోపలి వీధి పిల్లలు ఉర్దూలో "క్యా పఢ్‌రే చాచా" అని అడుగుతూ నిలబడ్డారు. ఆ నాలుగు భాషలూ ఆ కోటవే.

ఎందుకంటే ఆ కోట ఎవరి దగ్గరా కుదురుగా ఉండలేదు. 1323లో ఓరుగల్లు పడింది. తర్వాత బహమనీలు, విజయనగర రాయలు ఈ నడిమి సీమ కోసం రెండు వందల ఏళ్లు కొట్టుకున్నారు. బయటి గోడ, దర్వాజాలు, మసీదులు సుల్తానుల కాలంలో లేచాయి. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో పోరాడి రాయచూరు గెలిచాడు. ఆ ముట్టడి గురించి న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. గోడ పీకే సైనికులకు, పీకిన రాయి సైజును బట్టి పది పణాల నుంచి యాభై పణాల దాకా ఇచ్చారట. మాకు అది చదివితే పార్సెలు ఆఫీసు గుర్తొచ్చింది. బరువును బట్టి రేటు! పై నుంచి బాణాలు, రాళ్లు పడుతుంటే ఆ డబ్బు కోసం గోడకు అతుక్కుని ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు ఏ బండ మీదా లేవు. 1565లో విజయనగరం ఓడిపోయాక మళ్లీ బిజాపూరు, తర్వాత మొగలులు, నిజాం. 1853లో నిజాం ఈ సీమను బాకీ కింద ఇంగ్లీషు వాళ్లకు అప్పజెప్పి, 1860లో తిరిగి తీసుకున్నాడు. 1948లో ఇండియన్ యూనియన్, 1956లో మైసూరు రాష్ట్రం, ఇప్పటి కర్ణాటక. కోట కదల్లేదు. జెండా మారింది.

కాబట్టి ఆ బండ మనకు పట్టా కాగితం కాదు. 1294లో ఇక్కడ తెలుగులో రాస్తే చదివేవాళ్లు ఉన్నారని చెప్పే సాక్ష్యం. ఆ మేరకు గర్వపడదాం, తప్పు లేదు. బండ పక్కన రాతి మీదే ఇంకో బొమ్మ ఉంది: ఆ పొడుగు బండను బండి మీద పెట్టి పశువుల బారు లాగుతున్నట్టు, మనుషులు తోలుతున్నట్టు. దాని దగ్గర మేం ఎక్కువసేపు నిలబడ్డాం. రాజు పేరు చెప్పే శాసనాలు దేశంలో వేలు ఉన్నాయి. రాయి ఎట్లా వచ్చిందో, ఎవరు మోశారో చూపించాలని తోచిన శిల్పులు ఎందరు? బాయూ గుడ్డ మీద పారలు పట్టినవాళ్లూ, రాయచూరు గోడ మీద బండి తోలినవాళ్లూ మా దృష్టిలో ఒకే కులం వాళ్లు, మోసేవాళ్ల కులం. బ్యానరు కడితే ఆ బొమ్మ కూడా వెయ్యాలని మా మనవి. పేరు "రాయచూరు కోట, తెలుగు శాసనం, 1294" అంటే చాలు.

ఇక తప్పు సంగతి.

కోట అంటే రాజులది మాత్రమే కాదు. మన సీమ పల్లెల్లో, అటు తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ గుండ్రటి బురుజులు ఉన్నాయి, కొన్ని రాతివి, కొన్ని మట్టివి. మన కన్నడ ఇరుగుపొరుగు హుడే అంటారు. దోపిడి దండు వస్తోందంటే ఆడవాళ్లనూ పిల్లలనూ ధాన్యాన్నీ లోపల పెట్టి, పై నుంచి ఒడిసెలలు తిప్పేవారు. అవి ఊరి జనం సొంత కోటలు. ఇవాళ వాటి రాళ్లు ఇళ్ల పునాదుల్లో, మట్టి చేల్లో ఉంది.

దిబ్బలు కూడా అంతే. పాటిదిబ్బ మన్ను బలం అని చేలకు తోలడం మన తాతల నుంచి ఉంది. బండ్ల కాలంలో ఏడాదికి ఒక పక్క కొంచెం తరిగేది. ఇప్పుడు జేసీబీ వచ్చింది. కొన్నేళ్ల కింద మేం పనిచేసిన ఒక కమిటీ కట్టడం ముందు గుంట ఉంటే పూడ్చాలనుకున్నాం. ఎక్కడిదో పేర్లు వద్దు. ఊరి బయట దిబ్బ ఉంది, ఎవరూ అడగరు, మన్ను ఉచితం అన్నారు. రెండు రోజుల్లో 38 ట్రిప్పులు తోలారు. ట్రిప్పు లెక్క రాసింది మేమే. గీత మీద గీత, అయిదుకు అడ్డగీత, సర్వీసులో చేసినంత నీటుగా రాశాం. మన్ను దింపుతుంటే ఎర్ర, నల్ల కుండపెంకులు, గాజు ముక్కలు, ఎముకలు, బూడిద పొర వచ్చాయి. ఒక పిల్లవాడు చిన్న మట్టి ఎద్దు బొమ్మ తెచ్చి చేతిలో పెట్టాడు, కాలు విరిగింది. "పారెయ్యరా, కాలికి గుచ్చుకుంటాయి పెంకులు" అన్నాం. వాడు పారేశాడు. రోలరు తిప్పించాం.

అది కోటదో, పాత ఊరిదో, దేనిదో ఇక ఎవరూ చెప్పలేరు. బాధ అదీ. కృష్ణ అవతల మక్తల్ వైపు ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉండేది. 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు పొర పొరగా తవ్వి చూస్తే, నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అని తేలింది. పేడ పేరుకున్నాక కాల్చి, మళ్లీ దడి కట్టుకునేవారట, ఆవుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. మన జిల్లా మస్కిలో 1915లో బంగారం వెతికే ఇంజినీరు కంటబడిన బండ మీదే, దేవానాంప్రియుడు అంటే అశోకుడే అని మొదటిసారి పేరుతో సహా రుజువైంది. ఆ బండను ఎవరైనా అంతకు ముందే కంకర కొట్టి ఉంటే? మట్టి దిబ్బకు ఇంకో చిక్కు. రాతి కట్టడం పడిపోతే రాళ్లు ఏరి మళ్లీ పేర్చవచ్చు. మట్టిలో చదువు అంతా పొరల్లో ఉంటుంది, ఏది కింద, ఏది పైన అన్న వరుసలో. కలిపేస్తే పుస్తకం చింపి గోనెసంచిలో కుక్కినట్టు.

ఇంగ్లండులో ఆ గొర్రెలు మేసే దిబ్బకు బోర్డు ఎందుకు పెట్టారో మాకు ఇప్పుడు అర్థమైంది. అక్కడ 1979 చట్టం కింద జాబితాలో చేరిన దిబ్బ మీద అనుమతి లేకుండా తవ్వకూడదు, పూడ్చకూడదు. గొర్రెలు మేయొచ్చు. మనకూ 1958 చట్టం ఉంది. 2010లో దాన్ని ఇంకా బిగించారు. కేంద్రం కాపాడే కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఓరుగల్లు కోట లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కానీ జాబితాలో చేరేవి కొన్నే. మిగిలిన దిన్నెలకు ఊరి జనమే కాపలా. కాపలా ఉండాల్సిన చోట మేం ట్రిప్పు లెక్క రాశాం.

మన యాపలదిన్ని దిన్నెలో కోట ఉందని మేం అనడం లేదు. ఉన్న కథ చాలు, లేనిది కల్పించనక్కర్లేదు. సంఘానికి మా మనవి మూడు మాటలు.

ఒకటి, మన సభ్యుల ఊళ్లలో దిబ్బ, బురుజు, రాతబండ, వీరగల్లు ఏది ఉన్నా ఫోటో తీసి, ఊరి పేరు, పొలం గుర్తు రాసి మాకు పంపండి. ఒక రిజిస్టరు మేం రాస్తాం. గీతలు గీయడం వచ్చు కదా, ఈసారి మంచి పనికి గీస్తాం.

రెండు, ఎక్కడైనా దిబ్బ మన్ను తోలుతున్నారని తెలిస్తే, తగువు పెట్టుకోకుండా ముందు పంచాయతీలో నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. నకలు దగ్గర పెట్టుకోండి. కాగితం ఉన్నచోట జేసీబీ కొంచెం ఆగుతుంది, మా ముప్పై నాలుగేళ్ల సర్వీసు చెప్పిన పాఠం అది.

మూడు, దసరా సెలవుల్లో పిల్లలను ఒక రోజు రాయచూరు కోటకు తీసుకెళ్దాం. కన్నడ మాస్టారు వస్తామన్నారు. శాసనం మేం ఇద్దరం కలిసి చదివి వినిపిస్తాం. తర్వాత పిల్లలను ఆ బండి బొమ్మ ముందు నిలబెట్టి, ఎన్ని పశువులు ఉన్నాయో లెక్కపెట్టమందాం. ఎవరి లెక్క సరిపోతే వాళ్లకు మిర్చి బజ్జీ మా ఖర్చు.

ఆ ఎద్దు బొమ్మ పారేసిన పిల్లవాడు ఇప్పుడు ఇంటరు చదువుతున్నాడు. మొన్న బస్సులో కనబడితే అడిగాం, గుర్తుందా అని. "గుర్తుంది తాతా, మీరు పారెయ్యమన్నారు కదా" అన్నాడు. వాణ్ణి కూడా రమ్మన్నాం. వస్తానన్నాడు.

అందరికీ శుభం. మీ ఊరి దిన్నె సంగతులు కింద రాయండి. ఒక్కటి వదలకుండా చదువుతాం.